చివరి వరస చిలుకలు

"ఈసారి ఏదో ఒకటి అవుతుంది. నా మనసు చెబుతోంది, రాసిపెట్టుకోండి."

ఆవిడ ఆ మాట అనేటప్పటికి ఏమీ కాలేదు. కూతురు నేల మీద కూర్చుని మల్బరీ ఆకు సన్నగా తరుగుతోంది. అల్లుడు కిటికీ దగ్గర బల్ల ముందు ఎవరిదో చేతిగడియారం మూత తెరిచి, లోపలికి ఊపిరి కూడా తగలనివ్వకుండా చూస్తున్నాడు. స్టవ్ మీద పాలు కూడా పొంగలేదు.

"ఏమవుతుందమ్మా?" అంది కూతురు తలెత్తకుండా.

"ఏమవుతుందో తెలిస్తే భయమెందుకే? తెలియకే కదా."

"పోయినసారీ ఇదే అన్నావు. తట్టల నిండా పట్టుగూళ్ళొచ్చాయి."

"నేను భయపడ్డాను గనక వచ్చాయి."

అల్లుడు నవ్వాపుకోలేక గడియారం కింద పెట్టేశాడు. "అత్తయ్య ఉండగా మనకేం భయం లేదు. ఏ కష్టమైనా గుమ్మం దాకా వచ్చి, ఈవిడ కంగారు చూసి హడలిపోయి వెనక్కి పోతుంది" అన్నాడు. ఆవిడ కూడా నవ్వింది. అల్లుడి పంచన ఉంటున్న ఆరేళ్ళలో ఆయన తనతో పరాచికాలాడటం ఆవిడకు లోలోపల గర్వంగానే ఉండేది.

వీధిలో ఆవిడకు గండాలమ్మ అని పేరు. ఎదురుగా వదినా, పిన్నీ అనేవాళ్ళు, వెనకాల గండాలమ్మ అనేవాళ్ళు. వాన వస్తే గోడ కూలుతుందని, రాకపోతే నూతిలో నీళ్ళు అడుగంటుతాయని, గ్యాసు వాసన వేస్తోందని, వేయకపోతే ముక్కు పనిచేయడం లేదని ఆవిడ దిగులు. చదివింది అయిదో క్లాసు. పేపరు కూడబలుక్కుని చదివి, అందులో ప్రమాదాలన్నీ గుర్తుపెట్టుకునేది.

ఆ ఇంట్లో పట్టుపురుగులు పెంచేవారు. పెంచడమొక్కటే అయితే వీధిలో ఇంకో ఏడిళ్ళవాళ్ళూ పెంచుతారు. గుడ్లు పెట్టించేది మాత్రం ఈ ఇంట్లోనే. మంచి గూళ్ళు ఏరి పక్కన పెడితే, వాటిని చీల్చుకుని తెల్లగా, పిండి పూసినట్టున్న రెక్కల పురుగులు బయటికొస్తాయి. వాటిని చిలుకలంటారు. పేరుకే చిలుకలు, ఎగరలేవు. ఆడదాన్నీ మగదాన్నీ జతకలిపి, మధ్యాహ్నానికి విడదీసి, ఆడ చిలుకను గడులు గీసిన అట్ట మీద ఒక్కో గడిలో ఒక్కోదాన్ని పెట్టి పైన అడుగు కోసేసిన ప్లాస్టిక్ కప్పు బోర్లిస్తారు. మర్నాటికి గడి నిండా ఆవగింజల్లా గుడ్లుంటాయి. గుడ్లు పెట్టిన చిలుకను పారేయరు. గడికి ఏ నంబరుందో, అదే నంబరున్న అరలో దాన్ని పెడతారు. నలభై గడుల అట్ట, నలభై అరల పెట్టె. నాలుగు రోజులకు చిలుకలు ఎండాక అల్లుడు ఒక్కోదాన్నీ నూరి, చుక్క నీటిలో కలిపి, గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూస్తాడు. మచ్చరోగం ఉన్న తల్లి అయితే ఆ చుక్కలో సన్నటి గింజలు మెరుస్తాయట. ఆ రోగం గుడ్డులోంచే పిల్లకొస్తుంది. ఏ నంబరు తల్లిలో గింజలు కనబడితే ఆ నంబరు గడిని అట్ట నుంచి కత్తిరించి కాల్చేస్తాడు. మిగిలినవి వీధిలో పంచుతాడు.

అందుకే ఆయన్ని వీధిలో భూతద్దం బాబు అనేవారు. సోడాబుడ్డి కళ్ళద్దాలు, వాటి మీద గడియారాల భూతద్దం, వాటికి తోడు మైక్రోస్కోపు. "ఆయన చూశాడంటే దేవుడు చూసినట్టే" అనేది ఎదురింటి దర్జీ ఆవిడ. "మా ఆయన మొహం ఒక్కసారి అందులో పెట్టి చూడు నాయనా, లోపల ఏముందో ఇరవై ఏళ్ళుగా నాకు అంతుపట్టలేదు" అనేది కూడా.

ఆ రోజు కూతురూ అల్లుడూ ఆకు కోసం వెళ్ళారు. ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంది. చిలుకల గది ఊడుద్దామని వెళ్ళింది. గోడ మీద బల్లి కనబడింది. బల్లి ఉంది ఒక మూలన, పెట్టె ఉంది ఇంకో మూలన కిటికీ గూట్లో. అయినా ఆవిడ చీపురు కింద పడేసింది. బల్లి వచ్చి చిలుకల్ని తినేస్తే? బల్లి వెంట చీమలొస్తే? పెట్టెను బీరువా మీద పెడితే ఏ బాధా ఉండదనుకుంది. పీట వేసుకుని ఎక్కింది, పెట్టె ఎత్తింది. పీట కాలు కాస్త కదిలింది. పడలేదు, బీరువా పట్టుకుని నిలదొక్కుకుంది. పెట్టె మాత్రం ఒరిగింది.

కిందికి దిగి చూస్తే చివరి వరస ఖాళీ. ముప్పై మూడు నుంచి నలభై దాకా ఎనిమిది అరలూ ఖాళీ. ఎనిమిది చిలుకలూ నేల మీద, ఒకటి చీపురు పక్కన, రెండు బీరువా కింద, మిగిలినవి అక్కడక్కడ. అన్నీ తెల్లగా, అన్నీ ఎండి, ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఏది ఏ అరలోదో చెప్పడానికి వాటి మీద గుర్తేమీ లేదు.

ఆవిడ వాటిని ఒక్కొక్కటే చీర చెంగులోకి ఏరింది. తర్వాత చేతికి ఏది వస్తే దాన్ని, వరసగా ఒక్కో అరలో పెట్టింది. ముప్పై మూడులో ఒకటి, ముప్పై నాలుగులో ఒకటి. నలభై నిండాక లెక్క సరిపోయింది. లెక్క సరిపోయేసరికి ప్రాణం లేచొచ్చింది. చచ్చిన పురుగు ఏ గదిలో పడుకుంటే ఏమిటిలే అని ఒక్క క్షణం అనిపించింది కూడా. అలా కాదని ఆవిడకు తెలుసు. నంబరు ఎందుకు వేస్తారో ఆ ఇంట్లో ఆరేళ్ళుగా వింటూనే ఉంది.

ఆయన రాగానే చెప్పేద్దామనుకుంది. మాట కూడా సిద్ధం చేసుకుంది: బాబూ, ఒక పొరపాటు జరిగింది. అంతే, అయిదు మాటలు కూడా లేవు. వాళ్ళు వచ్చారు. ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. దారిలో ఎవరో గండాలమ్మ ఎలా ఉందని అడిగారట, "మా ఇంటి కాపలా ఆవిడే" అని అల్లుడు చెప్పాడట. కూతురు అదే చెప్పి నవ్వింది. భోజనాలయ్యాక చెబుదామనుకుంది. తర్వాత పొద్దున చెబుదామనుకుంది.

రెండు రోజులకు ఆయన మైక్రోస్కోపు తీశాడు. ముప్పై రెండు దాకా అంతా శుభ్రమే. ముప్పై నాలుగు దగ్గర ఆగాడు. మళ్ళీ చూశాడు. "ఉంది" అన్నాడు. ముప్పై ఏడు దగ్గర కూడా "ఉంది" అన్నాడు. కత్తెర తీసుకుని ఆ రెండు గడులూ కత్తిరించి, పెరట్లో పాత డబ్బాలో వేసి అగ్గిపుల్ల గీశాడు. గుడ్లు చిటపటమన్నాయి.

ఆవిడ పెరటి గుమ్మంలో నిలబడి చూసింది. కాలుతున్నవి కాలవలసినవి కాకపోవచ్చని ఆవిడ ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు చెప్పినా చాలు. చివరి వరస మొత్తం కత్తిరించి కాల్చేస్తాడు, పీడా పోతుంది. కానీ ఇప్పుడు చెబితే, మొన్ననే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. "పొగ కళ్ళలో పడుతుంది, జరగండి బాబూ" అని మాత్రం అంది.

పై వరసల గడులు తమ ఇంటికీ, పక్కవాళ్ళకూ వెళ్ళాయి. చివరి వరసలో మిగిలిన ఆరూ ముగ్గురికి వెళ్ళాయి: ఎదురింటి దర్జీ ఆవిడకు, బడిలో గంట కొట్టే ఆయనకు, వీధి చివరింటి వాళ్ళకు. ఆరింటినీ ముగ్గురూ ఒకే తట్టలో పొదిగించి, పుట్టిన పిల్లల్ని మూడు వాటాలు వేసుకున్నారు.

ఆ తర్వాతి రోజులు ఆవిడ మునుపటికన్నా ఎక్కువ భయపడవలసింది. విచిత్రంగా నోరే ఎత్తలేదు. వాన రాలేదు, నూతి ఊసెత్తలేదు. "ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా? నాలుగు రోజులుగా ఏ ప్రమాదమూ జరగలేదు మనింట్లో" అంది కూతురు. ఆవిడ ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయింది. రోజూ ఏదో వంకన ఎదురింటికి వెళ్ళి దర్జీ ఆవిడ తట్టల్లోకి తొంగిచూసేది. పిల్లలు పుట్టాయి. తిన్నాయి. మొదటి జ్వరం వచ్చింది. తిండి మాని, తల ఎత్తి, కదలకుండా పడుకుని పాత చర్మం విడిచే ఆ ఒక రోజును వాళ్ళు జ్వరమంటారు. అందరి పురుగులూ ఒకేసారి లేచాయి. ఏమీ కాలేదని ఆవిడకు కాస్త ధైర్యం వచ్చింది. మెరిసినవి గింజలో, దుమ్మో అనుకుంది.

నాలుగో జ్వరం దాటాక తేడా బయటపడింది. తట్టలో కొన్ని వేలెడంత ఎదిగితే కొన్ని అగ్గిపుల్లంత దగ్గరే ఆగిపోయాయి. ఆకు వేస్తే కొన్ని ఎగబడ్డాయి, కొన్ని తల తిప్పేసుకున్నాయి. చర్మం మీద మిరియప్పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. ఒక ఇంట్లో కాదు, మూడిళ్ళలో. ఆ మూడిళ్ళలోనే.

దర్జీ ఆవిడ ఒక తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి ముందుగదిలో దింపింది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"చూడు నాయనా. నీ కళ్ళతో నువ్వే చూడు. ఇవేంటి?"

అల్లుడు వంగి చూశాడు. ఒక పురుగును తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. "మచ్చరోగం" అన్నాడు.

"రోగమున్న తల్లిని నువ్వు పట్టుకుంటావు కదా? అందుకే కదా మేమంతా నీ దగ్గర తీసుకునేది?"

"పట్టుకున్నాను పిన్నీ. రెండు కాల్చేశాను."

"రెండు కాల్చావు, మిగతావి మాకిచ్చావు." దర్జీ ఆవిడ పక్కగదిలోకి తొంగిచూసింది. అక్కడ వీళ్ళ పురుగులు తెల్లగా, బొద్దుగా, వానపడుతున్నట్టు చప్పుడు చేస్తూ ఆకు తింటున్నాయి. "మీ వాటికి మాత్రం ఏమీ కాలేదే. మీ ఇంట్లోకి రోగం రాదు కాబోలు, పాపం మర్యాద తెలిసినది."

"అదేం మాట పిన్నీ" అంది కూతురు లేచి.

"నేనేమన్నాను? ఉన్నది చెప్పాను. మూడు వారాలు కుట్టుపని పక్కన పెట్టి వీటికి ఆకు మేపాను. రేపు వీటిని గోతిలో పోసి సున్నం చల్లాలి. అద్దాలు మార్పించు నాయనా. లేదా ఆ గొట్టం ఎవరికైనా కళ్ళున్న వాళ్ళకివ్వు."

అల్లుడు తల దించుకున్నాడు. "తప్పు నాదే పిన్నీ. ఎక్కడో చూపు జారినట్టుంది" అన్నాడు.

వంటింటి గుమ్మం దగ్గర గండాలమ్మకు తల కొట్టేసినట్టయింది. నేల చీలితే దూరిపోదామనిపించింది. చీలలేదు. లోపలికి వెళ్ళి, ఎవరూ అడగకుండానే టీ పెట్టింది. దర్జీ ఆవిడ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆయన కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. అద్దాలు సరిగ్గానే ఉన్నాయన్నాడట డాక్టరు. అది ఆయన నమ్మలేదు. ఒక పొద్దున ఆవిడ కాఫీ తీసుకెళ్ళేసరికి ఆయన ఒక కన్ను అరచేత్తో మూసుకుని, ఎదుటి గోడ మీద క్యాలెండరు కింది చిన్న అక్షరాలు పెదాలతో చదువుకుంటున్నాడు. తర్వాత రెండో కన్ను మూసి చదివాడు. రెండడుగులు వెనక్కి జరిగి మళ్ళీ చదివాడు. ఆవిడ కాఫీ బల్ల మీద పెట్టి, చూడనట్టే వచ్చేసింది. వంటింట్లో చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

ఆ తర్వాత ఆయన గడియారాలు కూడా తీసుకోవడం మానేశాడు. ఎవరైనా తెస్తే, "ఇంకెవరికైనా చూపించండి, నాకు సన్నపనికి చూపు ఆనటం లేదు" అనేవాడు. మంచి చూపున్న మనిషి ఆ మాట అంటుంటే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒకరోజు ధైర్యం చేసి, డొంకతిరుగుడుగా మాట కదిపింది.

"బాబూ, ఒకవేళ ఏ ఎలుకో ఆ పెట్టెను దొర్లించి ఉంటే? చిలుకలు తారుమారై ఉంటే?"

ఆయన ఆలోచించాడు. ఆవిడ మాటను ఆయన ఎప్పుడూ తేలిగ్గా తీసుకోడు. "ఎలుక దొర్లిస్తే కింద పడేవి అత్తయ్యా. పడ్డవాటిని తీసి మళ్ళీ అరకొకటి చొప్పున పెట్టదు కదా" అన్నాడు. కాస్త నవ్వాడు కూడా. "నన్ను వెనకేసుకొస్తున్నారు. మీది మంచి మనసు."

ఆ మాటకన్నా చెంపదెబ్బ నయమనిపించింది ఆవిడకు. ఇన్నేళ్ళూ నిప్పుకు, నీటికి, బల్లికి భయపడింది. ఇప్పుడు ఆయన మంచిగా మాట్లాడితే భయపడుతోంది.

వారం తిరిగాక వీధిలోని వాళ్ళంతా వాళ్ళ ముందుగదిలో కూర్చున్నారు. ఇకముందు గుడ్లు ఎవరు చూడాలన్నది తేల్చుకోవాలి. బడిలో సైన్సు చెప్పే మాస్టారు చూస్తానన్నాడని గంట కొట్టే ఆయన చెప్పాడు. అల్లుడు ముందే సిద్ధమై ఉన్నాడు. మైక్రోస్కోపును శుభ్రంగా తుడిచి, చెక్కపెట్టెలో పెట్టి, తాళంచెవి పైన పెట్టాడు. గాజుపలకలు వేరే కాగితంలో చుట్టాడు.

"దీని కుడివైపు మర కాస్త వదులు. గట్టిగా తిప్పొద్దని చెప్పండి మాస్టారికి" అన్నాడు. బిడ్డను అప్పగిస్తున్నట్టుంది ఆ గొంతు.

కూతురు గోడవైపు తిరిగింది. దర్జీ ఆవిడ కూడా కాస్త మెత్తబడింది. "ఎవరి తప్పూ కాదులే నాయనా. వయసుతో పాటు వచ్చేదే చూపు మందగించడం" అంది. అల్లుడికి ముప్పై ఎనిమిదేళ్ళు.

గంట కొట్టే ఆయన పెట్టె మీద చెయ్యి వేశాడు.

"ఆగండి" అంది గండాలమ్మ. టీ గ్లాసుల పళ్ళెం చేతిలో ఉంది. దాన్ని పెట్టె పక్కనే దించింది. "ఆయన కళ్ళకేమీ కాలేదు. చిలుకల పెట్టె నేనే పడేశాను."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆవిడకు తెలుసు. బల్లి దగ్గర నుంచి చెప్పింది. పీట, బీరువా, చివరి వరస ఎనిమిది అరలు. చెంగులోకి ఏరింది. చేతికొచ్చినట్టు పెట్టింది. ఆయన రెండు గడులు కాలుస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది. "మీ ముగ్గురిళ్ళకూ వెళ్ళింది ఆ వరసే. ఆయన చూసింది సరిగ్గానే చూశాడు. పేర్లు మార్చింది నేను. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నదీ నేనే."

దర్జీ ఆవిడ టేపును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. "ఇల్లు కూలుతుందని, గ్యాసు పేలుతుందని వీధంతా చెప్పుకుంటావు వదినా, ఈ ఒక్కటీ చెప్పడానికి నోరు రాలేదా నీకు?" అంది చివరికి. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే గండాలమ్మ తట్టుకునేదే.

"మొహం చెల్లలేదు వదినా" అంది గండాలమ్మ.

అల్లుడు ఆవిడ వైపు చూడలేదు. పెట్టె మీద ఉన్న తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వచ్చాడు. కూతురు వడ్డిస్తే తిన్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆవిడ కాఫీ పెడితే తాగాడు, గ్లాసు తెచ్చి గట్టు మీద పెట్టాడు, మాట లేదు. తిట్టినా బాగుండేది. ఇంట్లో ఇద్దరు మనుషుల మధ్య నుంచి మాట తీసేస్తే, తలుపు చప్పుళ్ళూ గిన్నెల చప్పుళ్ళూ ఎంత పెద్దవో ఆవిడకు అప్పుడు తెలిసింది. కూతురు కూడా ముభావంగానే ఉంది. "ఆయన రోజూ క్యాలెండరు చదువుకుంటుంటే నువ్వు చూశావా అమ్మా?" అని ఒక్కసారి అడిగింది. చూశానంది. ఆ తర్వాత కూతురు ఇంకేమీ అడగలేదు.

మూడోరోజు మధ్యాహ్నం ఆయన పెరట్లో తట్టలు కడుగుతున్నాడు. రోగం తగిలిన ఇళ్ళ తట్టలన్నీ తనే తెప్పించాడు. బ్లీచింగు పొడి కలిపిన నీళ్ళలో ముంచి, కొబ్బరిపీచుతో రుద్ది, ఎండకు నిలబెడుతున్నాడు. ఆవిడ వెళ్ళి ఇంకో కొబ్బరిపీచు తీసుకుని, తొట్టికి ఇటువైపు కూర్చుంది. ఒక తట్ట రుద్దింది. అప్పుడు అడిగింది.

"నేను మా చెల్లెలింటికి వెళ్ళిపోనా బాబూ? సంచి సర్దుకున్నాను."

ఆయన చేతిలోని తట్ట తిప్పి రెండోవైపు రుద్దాడు. ఆవిడ కూడా రుద్దింది. వెదురు సందుల్లో ఎండిన ఆకు పొట్టు నానుతూ ఊడొస్తోంది. ఆయన ఆ తట్ట కడిగి ఎండలో పెట్టి వచ్చాడు. ఇంకొకటి తీసుకున్నాడు. పక్కింట్లో ఎవరో బట్టలుతకడం మొదలుపెట్టి, పూర్తిచేసి, పిండి ఆరేశారు. బ్లీచింగు నీళ్ళకు ఆవిడ వేళ్ళు తెల్లగా ముడతలు పడ్డాయి. ఇక జవాబు రాదనుకుంది. రాకపోవడమే జవాబేమో, లేచి సంచి తెచ్చుకుందామా అనుకుంది. ఇంకో తట్ట అందుకుంది. నీడ గోడ దాకా వచ్చింది.

"ఆ రోజే చెప్పి ఉంటే ఎనిమిది గడులు కాల్చేసేవాణ్ణి, అంతే అత్తయ్యా" అన్నాడు ఆయన, చేతిలో తట్టను చూస్తూ. "వెళ్ళొద్దు. ఇక్కడే ఉండండి. కానీ కొన్నాళ్ళు ఆ చిలుకల గదిలోకి మాత్రం రాకండి. నాకింకా కోపం తగ్గలేదు."